ఓవెన్ 180 పెడితే 165 దాటట్లేదు, మధ్యమధ్యలో ఎఫ్3 వస్తోంది: సెన్సర్ మార్చేయాలా?

కొత్తపొయ్యి

ఎలక్ట్రిక్ రేంజ్. పైన బర్నర్లు, కింద ఓవెన్, డిజిటల్ కంట్రోల్. 180 డిగ్రీలు పెట్టి అరగంట ఆగినా మధ్య అరలో వేలాడదీసిన థర్మామీటర్ ముల్లు 145–165 మధ్యే తిరుగుతోంది. స్క్రీన్ మాత్రం 180 చేరిందని బీప్ కొడుతోంది. ఎక్కువసేపు వేడిగా ఉంచితే అప్పుడప్పుడు ఎఫ్3 అని చూపించి హీటింగ్ ఆపేస్తోంది. చల్లారాక మళ్లీ మామూలే. మాన్యువల్‌లో ఎఫ్3కి "సెన్సర్ ఓపెన్" అని రాసుంది. కొత్త సెన్సర్ తెప్పించేయొచ్చా, ముందు ఏమన్నా చూడాలా? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

ఓములలెక్క

ఇప్పుడే తెప్పించకండి. కంట్రోల్ బోర్డుకి కనిపించేది రెండు పిన్నుల మధ్య ఎన్ని ఓముల నిరోధం ఉందన్నది ఒక్కటే. ఆ లెక్కలో సెన్సర్ ఉంటుంది, దాని వెనక కనెక్టర్ ఉంటుంది, అక్కణ్ణుంచి పైదాకా వచ్చే వైరు ఉంటుంది, బోర్డు దగ్గరి ప్లగ్ కూడా ఉంటుంది. వీటిలో ఎక్కడ తెగినా అదే కోడ్ వస్తుంది. "సెన్సర్ ఓపెన్" అన్నది ఆ మొత్తం దారి గురించి చెప్పిన మాట. ఫలానా పార్టు పోయిందని దానర్థం కాదు.

డిజిటల్ కంట్రోల్ ఉన్న రేంజ్‌లలో ఎక్కువగా ఉండేది ప్లాటినం సెన్సర్, పీటీ1000 అంటారు. సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓములు. వేడి పెరిగేకొద్దీ ఓములూ పెరుగుతాయి, డిగ్రీకి సుమారు 3.6 నుంచి 3.9 దాకా. గది 24 డిగ్రీలుంటే 1090 చుట్టుపక్కల రావాలి.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే మీ ఓవెన్ ఏం చెబుతోందో తెలిసిపోతుంది. దారిలో ఎక్కడైనా అదనంగా ఓములు చేరితే, ఉన్నదానికన్నా వేడి ఎక్కువుందని బోర్డు అనుకుంటుంది, ముందే ఎలిమెంట్ (వేడినిచ్చే కడ్డీ) ఆపేస్తుంది. లోపల చల్లగా ఉండిపోతుంది. ఓములు తగ్గితే దీనికి సరిగ్గా తిరగబడి ఓవెన్ మాడ్చేస్తుంది. మీది మొదటి రకం. దానితోపాటు వేడెక్కాక ఎఫ్3 వస్తోందంటే సన్నగిల్లిన జాయింటు వేడికి పూర్తిగా విడిపోతోందని నా అనుమానం. అంటే చూడాల్సింది కనెక్టర్‌ని.

నీలిమంట

ఓములు కొలిచే ముందు కరెంటు. ప్లగ్ పీకండి, లేదా ఆ లైను బ్రేకర్ దించండి. స్క్రీన్ ఆరిపోతే సరిపోదు, కరెంటు వైర్లు వచ్చి కలిసే టెర్మినల్ బ్లాక్ దగ్గర వోల్టేజ్ లేదని మీటర్‌తో చూసుకోవాలి. గ్యాస్ రేంజ్ అయితే బయటికి లాగే ముందు వాల్వు కట్టేయండి, వెనక గొట్టం మెలిపడకుండా చూసుకోండి. పైన మైక్రోవేవ్ కలిపి వచ్చే మోడల్ అయితే ఆ భాగం మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసినా అందులోని కెపాసిటర్‌లో ప్రాణాలు తీసేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

తీగలపెట్టె

కొలవడం ఇలా చేయండి.

ఓవెన్ పూర్తిగా చల్లారాలి. కొన్ని గంటల ముందు వాడినా లోపల గదికంటే పది డిగ్రీలు ఎక్కువ ఉండే వీలుంది, అంటే దాదాపు 38 ఓముల తేడా. తలుపు తీసి ఉంచి, రాత్రంతా వదిలేసి పొద్దున్నే కొలిస్తే అనుమానం ఉండదు. పక్కన మామూలు గది థర్మామీటర్ పెట్టుకోండి.

సెన్సర్ చాలా మోడళ్లలో వెనక గోడకి పైమూలలో ఉంటుంది. పెన్సిల్‌కన్నా సన్నగా, లోపలికి పొడుచుకొచ్చిన స్టీలు పుల్ల. దాని పట్టీకి రెండు స్క్రూలు. అవి విప్పి పుల్లని మెల్లగా ముందుకి లాగితే వెనక వైరు, దాని చివర కనెక్టర్ బయటికి వస్తాయి. గట్టిగా గుంజొద్దు. వైరు మీదుండే గాజునార తొడుగు ఆ కన్నం అంచుకి గీసుకుంటే ఇన్సులేషన్ పోయి రేకుకి తగులుతుంది. కనెక్టర్ కన్నంలోంచి రాకపోతే రేంజ్‌ని ముందుకి జరిపి వెనక రేకు విప్పడమే మార్గం.

కనెక్టర్ విడదీసే ముందు రేంజ్ వైపు వైరుకి దారం కట్టండి, లేదా క్లిప్పు పెట్టండి. విడదీయగానే అది కన్నంలోంచి జారి ఇన్సులేషన్ వెనకాల పడిపోతే, ఐదు నిమిషాల్లో అయ్యే పనికి వెనక రేకంతా విప్పాల్సి వస్తుంది.

మీటర్‌ని 2000 ఓముల రేంజ్‌లో పెట్టి మూడు రీడింగులు రాసుకోండి:

1. సెన్సర్ వైపు కనెక్టర్‌లో రెండు పిన్నుల మధ్య.
2. ఒక పిన్నుకీ సెన్సర్ స్టీలు ఒంటికీ మధ్య, ఆ తర్వాత రెండో పిన్నుకీ ఒంటికీ మధ్య. మీటర్‌ని అన్నిటికన్నా పెద్ద రేంజ్‌కి మార్చి చూడాలి. ఏమీ చూపించకూడదు.
3. కనెక్టర్ మళ్లీ తగిలించి, పైన కంట్రోల్ బోర్డు దగ్గర సెన్సర్ ప్లగ్ పీకి, ఆ ప్లగ్ రెండు పిన్నుల మధ్య. బోర్డు నుంచి ప్లగ్ విడిపోయి ఉండాలి, లేకపోతే బోర్డులోని సర్క్యూట్ కూడా లెక్కలోకి వచ్చి అంకె తప్పుతుంది.

మొదటిదీ మూడోదీ దాదాపు సమానంగా ఉండాలి. వైరుకి ఒకటి రెండు ఓములు పోవచ్చు, అంతకుమించి పోకూడదు. మూడో రీడింగ్ తీసేటప్పుడు ఇంకొకరి చేత వైరునీ కనెక్టర్‌నీ కాస్త కదిలించి చూడండి.

బేక్‌బల్ల

ఇంత పని ఎందుకండీ? చాలా కంట్రోళ్లలో క్యాలిబ్రేషన్ సర్దుబాటు ఉంటుంది. 20 డిగ్రీల దాకా పైకీ కిందకీ జరుపుకోవచ్చు. పైకి 20 పెడితే సరిపోతుంది కదా.

ఓములలెక్క

ఈ సందర్భంలో అది వద్దు. ఆ సర్దుబాటు ఉన్నది ఎప్పుడూ ఒకేలా ఉండే తేడా కోసం. ఓవెన్ ఎప్పుడు చూసినా 8 డిగ్రీలు తక్కువైతే 8 కలుపుకోవచ్చు, తప్పులేదు. సన్నగిల్లిన జాయింటు తేడా అలా నిలకడగా ఉండదు. ఈరోజు 80 ఓములు, రేపు తలుపు దబాల్న వేస్తే 5 ఓములు. మీరు పైకి 20 పెట్టిన రోజే జాయింటు బాగా అతుక్కుంటే, 180 అడిగిన ఓవెన్ 200 ఇస్తుంది. పైగా ఆ కనెక్టర్ వేడికి ఇంకా ఇంకా కాలుతూనే ఉంటుంది. ముందు ఓములు సరిచేయాలి. ఆ తర్వాత కూడా చిన్న తేడా మిగిలితే అప్పుడు క్యాలిబ్రేషన్.

కొత్తపొయ్యి

రాత్రంతా వదిలేసి పొద్దున్న కొలిచాను. గది 24 డిగ్రీలు.

సెన్సర్ పిన్నుల మధ్య 1092.
పిన్నుకీ ఒంటికీ మధ్య ఏమీ లేదు, రెండు వైపులా.
బోర్డు ప్లగ్ దగ్గర 1179. వైరు కదిలిస్తే 1110 నుంచి 1240 దాకా గెంతుతోంది, ఒకసారి పూర్తిగా పోయింది కూడా.

కనెక్టర్ తెల్లటి ప్లాస్టిక్‌ది. ఒక పిన్ను దగ్గర గోధుమరంగుకి తిరిగింది. లోపల లోహం నల్లబడి, గోరుతో గీస్తే పొడి రాలుతోంది. దాని జోడు సాకెట్ నోరు తెరుచుకున్నట్టు వదులైపోయింది. రెండో పిన్ను మెరుస్తూనే ఉంది.

తీగలపెట్టె

దొరికింది. సెన్సర్‌కి ఏ జబ్బూ లేదు.

లెక్క చూడండి: 1179లోంచి 1092 తీస్తే 87 ఓములు. 180 దగ్గర డిగ్రీకి సుమారు 3.65 ఓములు. 87ని దానితో భాగిస్తే దాదాపు 24 డిగ్రీలు. 180లోంచి 24 పోతే 156. మీ థర్మామీటర్ 145–165 మధ్య తిరుగుతోందన్నారు, దాని సగటు 155. వేడి తక్కువ రావడానికి ఈ ఒక్క పిన్నే కారణం. వేడెక్కి సాకెట్ ఇంకా విచ్చుకున్నప్పుడు ఎఫ్3 వస్తోంది.

ఓములలెక్క

అదే. గీకి శుభ్రం చేసి మళ్లీ తగిలించాలని అనిపిస్తుంది, అది నిలవదు. సాకెట్‌కి స్ప్రింగు బిగువు ఒకసారి వేడికి పోయిందంటే తిరిగి రాదు. కొన్నాళ్లు పనిచేసి మళ్లీ ఇదే కథ. ఆ కనెక్టర్ రెండు ముక్కలూ తీసేయాల్సిందే.

కొత్తపొయ్యి

కనెక్టర్ కత్తిరించి వైర్లు మెలిపెట్టి సోల్డర్ చేసి టేపు చుట్టేస్తే?

నీలిమంట

వద్దు. మామూలు తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది. ఓవెన్ వెనక గోడకి ఆనుకున్న జాయింటు ఆ వేడి చూసే అవకాశం ఉంది. అదే ఓవెన్‌కి పైరాలిసిస్ క్లీనింగ్ (మురికిని బాగా వేడిచేసి బూడిద చేసే పద్ధతి) ఉంటే లోపల 480 డిగ్రీల దాకా పోతుంది. ప్లాస్టిక్ టేపు అంతకన్నా చాలా ముందే జిగురు వదిలేసి జారిపోతుంది. ప్లాస్టిక్ వైర్ నట్లు కూడా అంతే, మెత్తబడతాయి.

వేడికి తట్టుకునేవి రెండే. ఒకటి పింగాణీ వైర్ నట్టు: వైరు కొసల్ని 12 మిల్లీమీటర్ల దాకా ఒలిచి, రెండూ కలిపి మెలిపెట్టి, పింగాణీ టోపీ బిగువుగా తిప్పాలి. పట్టి లాగితే రాకూడదు. రెండోది హై టెంపరేచర్ క్రింప్: నికెల్ పూత ఉన్న లగ్గు, సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, పైన గాజునార గొట్టం తొడగాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన క్రింపు వదులవుతుంది, అప్పుడు మళ్లీ ఇదే తంటా.

నల్లబడిన రాగి మీద ఏ జాయింటూ పట్టదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించండి. వైరు పొట్టిదైపోతే మధ్యలో అతుకు వేయాల్సింది కూడా గాజునార తొడుగున్న హై టెంపరేచర్ వైరే. ఇంటి వైరింగ్‌లో వాడే పీవీసీ వైరు ఓవెన్ వెనకాల పనికిరాదు.

జాయింటు పూర్తయ్యాక ఇన్సులేషన్ దూది లోపలికి దోపొద్దు. ఇన్సులేషన్‌కి అవతల, చల్లటి వైపు ఉండేలా పెట్టండి.

తీగలపెట్టె

సెన్సర్ తిప్పి పెట్టామేమో అన్న భయం అక్కర్లేదు. రెండు వైర్ల ప్లాటినం సెన్సర్‌కి ప్లస్ మైనస్ లేవు, ఎటు కలిపినా ఒకటే.

బేక్‌బల్ల

ఒక సందేహం. గదిలో 1092 సరిగ్గా వచ్చినంత మాత్రాన 180 దగ్గర కూడా సరిగ్గా వస్తుందని గ్యారంటీ ఏముంది?

ఓములలెక్క

మంచి ప్రశ్న. గ్యారంటీ లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడికి లోపల పగులు విచ్చుకునే సెన్సర్లు ఉంటాయి. పుల్ల వంగినా, అరకి తగిలి దెబ్బతిన్నా అలా అవుతుంది. అందుకే ఇంకో రెండు చోట్ల కొలవాలి.

సెన్సర్‌ని పూర్తిగా బయటికి తీసి, మీటర్ తగిలించి, నలిపిన ఐసు నిండా ఉన్న నీళ్లలో పుల్ల కొస ముంచండి. పట్టీ, వైరు వైపు తడవకూడదు. రెండు నిమిషాలాగితే 1000కి ఓ నాలుగు ఓములు అటూ ఇటుగా నిలవాలి. తర్వాత మరుగుతున్న నీళ్లలో ముంచండి. పుల్ల గిన్నె అడుక్కి తగలకూడదు. ఇక్కడ 1385 గానీ 1375 గానీ రావాలి.

రెండు అంకెలెందుకంటే, ప్లాటినం సెన్సర్లలో రెండు రకాల వక్రరేఖలున్నాయి, 3850 అనీ 3750 అనీ. సున్నా నుంచి వంద డిగ్రీలకి మొదటిది 385 ఓములు పెరుగుతుంది, రెండోది 375. గది వేడి దగ్గర వీటి తేడా రెండు మూడు ఓములే కాబట్టి కనిపెట్టలేం. 200 దగ్గరికి వచ్చేసరికి మొదటిది 1759, రెండోది 1738. ఈ 21 ఓములంటే దాదాపు ఆరు డిగ్రీలు. 250 దగ్గర 1941, 1915. మీ బోర్డు ఏ వక్రరేఖకి రాసిందో ఆ సెన్సరే వాడాలి. "ఏ ఓవెన్‌కైనా సరిపోతుంది" అని అమ్మేవాటితో వచ్చే చిక్కంతా ఇక్కడే. పీటీ1000 అని రాసుంటే చాలదు, మోడల్ నంబరుకి సరిపోయే పార్టు నంబరు చూసుకోవాలి.

ఎత్తైన ప్రాంతాల్లో నీళ్లు వందకన్నా ముందే మరుగుతాయి, ఒక్కో 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఆ మేరకు ఓములూ తగ్గించి చూసుకోండి.

పగులుందేమోనని చూడటానికి హెయిర్ డ్రయర్ గాలి పుల్ల మీదికి కొడుతూ మీటర్ చూడండి. అంకె మెల్లగా, తెంపు లేకుండా పైకెక్కాలి. మధ్యలో గెంతినా, ఒక్కసారిగా ఖాళీ అయినా ఆ సెన్సర్ పోయినట్టే, చల్లగా ఎంత బాగా చూపించినా సరే.

గడియారం

బోర్డు మంచిదో కాదో చూడటానికి సెన్సర్ బదులు 1.5 కిలో ఓముల రెసిస్టర్ పెట్టొచ్చు. బోర్డు 130–134 మధ్య చూపించాలి.

నీలిమంట

గడియారం గారూ, దానికి ఒక హెచ్చరిక తప్పకుండా జోడించాలి. రెసిస్టర్ పెట్టినప్పుడు ఓవెన్‌ని హీటింగ్‌లో పెట్టొద్దు. లోపల ఎంత వేడెక్కినా ఆ రెసిస్టర్ విలువ మారదు. బోర్డు 130 దగ్గరే ఉన్నామనుకుని ఎలిమెంట్‌ని ఆపకుండా కాలుస్తూనే ఉంటుంది. ఆపాల్సింది వెనకున్న సేఫ్టీ కట్‌అవుట్ ఒక్కటే, దాన్ని నమ్ముకుని పరీక్షలు చేయకూడదు. కంట్రోల్‌లో డయాగ్నోస్టిక్ మోడ్ (లోపాలు పరీక్షించే మోడ్) ఉంటే అందులో సెన్సర్ వేడి మాత్రమే చూసి ఆపేయండి. లేదంటే ఎలిమెంట్ వైర్లు విడదీసి, కొసలకి ఇన్సులేషన్ పెట్టి, అప్పుడు చూడండి.

గడియారం

అవును, ఎలిమెంట్ విడదీసి చేయడమే సరైన పద్ధతి. రెసిస్టర్ ఒక శాతం రకం తీసుకోవాలి. ఐదు శాతం రకంలో 75 ఓములు అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 20 డిగ్రీల తేడా. అలాంటిది పెడితే బోర్డు గురించి ఏమీ తేలదు.

ఇంకొకటి. ప్రతి మోడల్‌కీ టెక్ షీట్ అని ఒక కాగితం ఉంటుంది. కంట్రోల్ ప్యానల్ వెనకో, కింద డ్రాయర్ తీస్తే లోపలో మడిచి పెట్టి ఉంటుంది. సెన్సర్ ఓముల పట్టిక, కోడ్ల అర్థాలు, డయాగ్నోస్టిక్ మోడ్‌లోకి వెళ్లే పద్ధతి అన్నీ అందులో ఉంటాయి. కోడ్లు కంపెనీని బట్టి మారతాయి. కొన్నిటిలో ఎఫ్3 ఓపెన్, ఎఫ్4 షార్ట్. కొన్నిటిలో ఎఫ్30, ఎఫ్31. మరో మోడల్ కోడ్ చూసి మీ ఓవెన్ విప్పొద్దు. ఆ కాగితం చూశాక మళ్లీ అదే చోట పెట్టండి.

మధ్యఅర

ఇదే చర్చలో అడుగుతున్నాను, క్షమించాలి. నాది గ్యాస్ ఓవెన్, డిజిటల్ కంట్రోలే. గది 25లో సెన్సర్ 1096, బోర్డు దగ్గర 1097. అయినా వేడి సరిగ్గా ఎక్కదు. ఇగ్నైటర్ (గ్యాస్‌ని అంటించే భాగం) ఎర్రగా వెలుగుతుంది, మంట రావడానికి నిమిషంన్నర పైనే పడుతోంది.

నీలిమంట

సెన్సర్‌ని వదిలేయండి, అంకెలు బాగున్నాయి. మీది ఇగ్నైటర్ సమస్య. ఈ రకం ఓవెన్లలో ఇగ్నైటర్, గ్యాస్ వాల్వు ఒకే లైనులో వరసగా ఉంటాయి. ఇగ్నైటర్‌లోంచి తగినంత కరెంటు పారితేనే వాల్వు తెరుచుకుంటుంది. పాతబడిన ఇగ్నైటర్ ఎర్రగా వెలుగుతుంది కానీ ఆంపియర్లు సరిపడా లాగదు, దాంతో వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ప్రతి సైకిల్‌లోనూ ఆ ఆలస్యం వల్ల సగటు వేడి పడిపోతుంది. చూడ్డానికి అచ్చం సెన్సర్ తప్పులాగే ఉంటుంది.

క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) ఇగ్నైటర్ వైరు ఒక్కదానికి మాత్రమే తగిలించి చూడండి. రెండు వైర్లూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. చదునైన రకానికి 3.2 నుంచి 3.6 ఆంపియర్లు రావాలి. కావాల్సిన ఆంపియర్లు వాల్వు మీదే రాసి ఉంటాయి, దానికి తక్కువగా ఉంటే ఇగ్నైటర్ మార్చాలి. కొత్తదాని బూడిదరంగు భాగాన్ని వేళ్లతో ముట్టుకోవద్దు, పట్టుకుంటే పింగాణీ పిడినే పట్టుకోండి, చాలా పెళుసు. మంట రాకుండా గ్యాస్ వాసన వస్తే వెంటనే ఆపి, వాల్వు కట్టి, తలుపులు తెరవండి. స్విచ్ ఏదీ వేయొద్దు, తీయొద్దు.

బేక్‌బల్ల

నాబ్ తిప్పే పాత రకం వాటికి కూడా ఇదే కొలతా?

తీగలపెట్టె

కాదు. వాటిలో ఓములు కొలవడానికి ఏమీ ఉండదు. లోపల కనిపించే రాగి పుల్లలో ద్రవం ఉంటుంది, సన్నని గొట్టంలోంచి అది నాబ్ వెనకున్న స్విచ్‌ని నెడుతుంది. గొట్టం నలిగినా కారినా థర్మోస్టాట్ మొత్తం మార్చాలి. ఆ పుల్ల క్లిప్పుల్లోంచి జారి గోడకి ఆనుకుని ఉన్నా వేడి తేడాగా వస్తుంది, ముందు అది చూడండి.

కొన్ని బల్లమీద పెట్టుకునే చిన్న ఓవెన్లలో ఎన్‌టీసీ థర్మిస్టర్ ఉంటుంది. అది తలకిందుల వ్యవహారం: వేడెక్కితే ఓములు తగ్గుతాయి, చల్లగా ఉన్నప్పుడు లక్ష ఓముల స్థాయిలో ఉండొచ్చు. 1090 రాలేదని దాన్ని పారేయకండి.

కొత్తపొయ్యి

కనెక్టర్ రెండు ముక్కలూ కత్తిరించేసి పింగాణీ నట్లు వేశాను. బోర్డు ప్లగ్ దగ్గర ఇప్పుడు 1093, గది 24. వైరు ఎంత కదిలించినా అంకె కదలట్లేదు. 180 పెట్టి నలభై నిమిషాలు ఆగాక ముల్లు 168 నుంచి 190 దాకా పోయి వస్తోంది. ఎఫ్3 రాలేదు. ఈ ఊగిసలాట మామూలేనా?

ఓములలెక్క

మామూలే. ఎలిమెంట్ పూర్తిగా వెలగడం, పూర్తిగా ఆగడం తప్ప మధ్యస్థితి ఉండదు కాబట్టి అటూ ఇటూ 10–15 డిగ్రీలు ఊగుతుంది. అందుకే ఎప్పుడూ ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకూడదు. ఎలిమెంట్ ఆగినప్పటి గరిష్ఠం, మళ్లీ వెలిగేముందు కనిష్ఠం, ఇలా నాలుగైదు సైకిళ్లు రాసి సగటు తీయాలి. మీకు 179 వస్తోంది, ఇక దాన్ని ముట్టుకోకండి. ఇదివరకు క్యాలిబ్రేషన్ ఏమైనా మార్చి ఉంటే మాత్రం సున్నాకి తెచ్చి మళ్లీ చూడండి.

లేజర్ చుక్క పడే థర్మామీటర్‌తో ఓవెన్ గోడల్ని కొలవొద్దు. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది. తలుపు తీయగానే గాలి వేడి కూడా పోతుంది. గాజులోంచి చదవగలిగే డయల్ థర్మామీటర్ గానీ, సన్నని వైరున్న కె రకం థర్మోకపుల్ (వైరు కొసతో వేడి కొలిచేది) గానీ మేలు.

తీగలపెట్టె

సెన్సర్ పుల్ల గోడకీ అరకీ తగలకుండా గాలిలో నిలబడి ఉందో లేదో ఒకసారి చూడండి. ఓవెన్ అడుగున అల్యూమినియం రేకు పరిచి ఉంటే తీసేయండి. అది గాలి తిరిగే దారి మార్చేస్తుంది, సెన్సర్ దగ్గరి వేడికీ మధ్య అరలోని వేడికీ పొంతన లేకుండా పోతుంది. పుల్ల మీద జిడ్డు పేరుకుంటే సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. పీచుతో రుద్దొద్దు, ఓవెన్ క్లీనర్ స్ప్రే దాని మీద పడనివ్వొద్దు.

గడియారం

రేంజ్‌ని వెనక్కి నెట్టేటప్పుడు వెనక కాలు నేల మీదో గోడకో ఉన్న యాంటీ టిప్ పట్టీలోకి దూరిందో లేదో చూసుకోండి. ముందుకి జరిపిన ప్రతిసారీ అది ఊడుతుంది. అది లేకుండా తెరిచిన తలుపు మీద బరువు పడితే రేంజ్ మొత్తం ముందుకి పడిపోగలదు. నెట్టాక పైఅంచు పట్టుకుని మెల్లగా ముందుకి వంచి చూస్తే, పట్టీ పట్టుకుందో లేదో చేతికే తెలుస్తుంది.

కొత్తపొయ్యి

రేకు తీసేశాను. కాలు పట్టీలోకి వెళ్లలేదు, మళ్లీ జరిపి సరిగ్గా కూర్చోబెట్టాను. అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇంకెవరికైనా ఇదే కోడ్ వస్తే పనికొస్తుందని నా మూడు రీడింగులూ మళ్లీ రాస్తున్నాను: సెన్సర్ దగ్గర 1092, బోర్డు దగ్గర ముందు 1179, జాయింటు మార్చాక 1093, గది 24 డిగ్రీలు.